కరెంటుకు తిరుగు దారి



మా బావగారికి పోయిన నెల హెర్నియా ఆపరేషన్ అయింది. మంచిగా ఇంటికి వచ్చేసినారు. ఫోన్ చేసి విచారించిన అందరికీ వందనాలు. ఆ ఆపరేషన్‌కు ముందు రాత్రి మా ఇంట్లో జరిగిన ఒక వాదం గురించి, దాని వెనక ఉన్న ఒక పాత మచ్చ గురించి ఈ రోజు రాస్తున్నాం. బావగారు రాయమన్న తరువాతే రాస్తున్నాం.

మేము అంటే ఇద్దరం. ఒకరికి అరక్కోణంలో రైల్వే గుమాస్తా ఉద్యోగం, ఇంకొకరికి ఆ గుమాస్తాను నడిపే ఉద్యోగం. ఏది రాసినా ఇద్దరం మాట్లాడుకునే రాస్తాం. చదివింది అంతా తమిళ మీడియం, తెలుగు అక్షరాలు రిటైరైనాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

2003లో మా పెద్దక్కకు గర్భసంచి తీసే ఆపరేషన్ చేసినారు. ఏ ఆసుపత్రి అనేది ఇప్పుడు వద్దు. నడుములో సూది వేసి కింద భాగానికి మత్తు ఇచ్చినారు. అక్క మెలకువగానే ఉంది. "ఏదో కుయ్యిమని సద్దు, కాలిన వాసన. కరెంటు పెడుతున్నారని తెలిసింది, షాక్ కొడుతుందేమో అని స్వామిని తలుచుకుంటా పండుకున్నా" అని తరువాత చెప్పింది. షాక్ ఏమీ కొట్టలేదు. మూడో రోజు ఒళ్ళు తుడిచేటప్పుడు చూస్తే తొడ వెనక అరచెయ్యంత మేర చర్మం కమిలిపోయి, అంచు నల్లగా ఉంది.

అడిగితే ముందు "ప్లాస్టర్ అలర్జీ" అన్నారు. మళ్ళీ అడిగితే "మందు పడలేదు" అన్నారు. చివరికి కట్టు కట్టే పెద్దాయన ఒకాయన మెల్లగా చెప్పినాడు: "అది కాటరీ ప్లేటు కాల్చిన గాయం. తొడ కింద పెట్టిన రేకు పక్కకు జరిగిపోయి ఉంటుంది."

కాటరీ అంటే ఏమో, ప్లేటు అంటే ఏమో మాకు అప్పుడు తెలియదు. మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది డాక్టరు కాదు, లోకో షెడ్డులో పనిచేసే ఒక ఫిట్టర్. పాసు కాగితాల కోసం ఆఫీసుకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్తే, ఆయన ఒకటే మాట అడిగినాడు. "సార్, పై తీగ నుంచి 25,000 వోల్టుల కరెంటు ఇంజన్‌లోకి వస్తుంది కదా, తరువాత ఎక్కడికి పోతుంది?" అన్నేళ్ళు రైల్వేలో ఉండి మేము అది ఆలోచించనే లేదు. అది చక్రాల గుండా పట్టాలలోకి దిగి, తిరిగి సబ్‌స్టేషన్‌కు పోతుంది. అందుకే కరెంటు లైనులో పట్టా కోసే ముందు గ్యాంగువాళ్ళు ఈ పక్కకు ఆ పక్కకు కలిపి తీగ కడతారు. కట్టకుండా కోస్తే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. అక్కడ చెయ్యి పెట్టినవాడి ఒళ్ళే దారి అయిపోతుంది.

ఆపరేషన్ మెషిన్ కూడా అంతే. డాక్టరు చేతిలో పెన్సిల్ లాంటిది ఉంటుంది. దాని మొన నుంచి కరెంటు ఒంట్లోకి వచ్చి, తొడకో పిర్రకో పెట్టిన ప్లేటు ద్వారా మెషిన్‌కు తిరిగి పోతుంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 మార్లు ఇటూ అటూ ఊగుతుంది. ఈ మెషిన్‌లో చాలావాటికి అది 3 లక్షల నుంచి 5 లక్షల మార్ల దాకా ఉంటుంది. అంత వేగానికి నరాలు, కండరాలు స్పందించవు. అందుకే షాక్ కొట్టదు, వేడి మాత్రం పుడుతుంది. మొన సన్నం కాబట్టి అక్కడ వేడి ఎక్కువై మాంసం తెగుతుంది, రక్తం ఆగుతుంది. ప్లేటు వెడల్పు కాబట్టి అదే కరెంటు అక్కడ పరుచుకుని పోతుంది, కాలదు.

రైలు దిగిన జనం వెడల్పు బ్రిడ్జి మీద పోతే ఎవరికీ ఇబ్బంది లేదు. అదే జనాన్ని ఒక చిన్న గేటులో పొమ్మంటే నలిగిపోతారు. ప్లేటు జరిగిపోయి అంచు మాత్రం ఒంటికి ఆనితే అదీ చిన్న గేటే. కరెంటంతా ఆ కొంచెం చోటనే దూరుతుంది. మత్తులో ఉన్న మనిషికి కాలేది తెలియదు. మా అక్కకు అయింది అదే.

ఈ మెషిన్ చెడ్డది అని మేము చెప్పడం లేదు. విలియం బోవీ అనే ఆయన తయారు చేసిన మెషిన్‌ను 1926 అక్టోబర్ 1న బోస్టన్‌లో హార్వీ కుషింగ్ అనే మెదడు డాక్టరు మొదటిసారి వాడినారు. ముందు రక్తం ఆగక మధ్యలో వదిలేసిన తల గడ్డను దీనితోనే తీసినారు. ఈ రోజుకూ కొందరు డాక్టర్లు దీన్ని బోవీ అనే పిలుస్తారు. ఇది లేకుండా పెద్ద ఆపరేషన్లు జరగడం కష్టం. దారి సరిగ్గా వేస్తే ఎంత మేలో, వెయ్యకపోతే అంత కీడు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. బావగారికి నాలుగేళ్ళుగా గుండెకు పేస్‌మేకర్ ఉంది. ఫారంలో "ఒంట్లో ఏదైనా యంత్రం, లోహం ఉందా" అని ఉంది. మేనల్లుడు అన్నాడు: "మామా, మనంగా చెప్పొద్దు. చెప్తే చెన్నైకి పొమ్మంటారు. నాకు మళ్ళీ లీవు దొరకదు. ఈసీజీలో కనపడితే వాళ్ళే చూసుకుంటారు." పిల్లవాడు చెడ్డవాడు కాదు, అలిసిపోయి ఉన్నాడు. నిజం చెప్పాలంటే మా ఇద్దరిలో ఒకరం కూడా సరేనని తల ఊపినాం. ఇంకొకరం ఊపలేదు. "అక్క తొడ మరిచిపోయినారా?" అనే మాట నోట్లోనుంచి జారిపోయింది.

బావగారు తల ఎత్తి చూసినారు. "అది వేడినీళ్ళ సంచి కాలింది కదా?" అన్నారు.

ఇరవై ఏళ్ళకు పైగా మేము దాచిన మాట అది. అక్క మాతో ఒట్టు వేయించుకుంది. "మీ బావ కోపం తెలుసు కదా, పోయి గలాటా చేస్తాడు. కుట్లు తీయించుకోడానికి నేను మళ్ళీ అక్కడికే పోవాల" అని, ఆయనకు వేడినీళ్ళ సంచి అని చెప్పింది. అక్క పోయి ఏడేళ్ళయింది. ఆ రాత్రి ఉన్నది ఉన్నట్టు చెప్పేసినాం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "ఆ సంచిలో నీళ్ళు పోసింది నేనే అప్పా. నా చేత్తోనే కాల్చినానని ఇన్నేళ్ళూ అనుకుంటా ఉన్నా."

మాకు ఏమి చెప్పాలో తోచలేదు. ఎవరికీ నొప్పి కలగకూడదని చెప్పిన అబద్ధం, ఏ పాపం చెయ్యని మనిషిని అన్నేళ్ళు కాల్చింది. ఫారం తీసుకుని ఆయనే తన చేత్తో రాసినారు, పేస్‌మేకర్ ఉంది అని.

తేదీ పది రోజులు వెనక్కి పోయింది, అంతే. చెన్నైకి పొమ్మనలేదు. గుండె డాక్టరు పేస్‌మేకర్ పరీక్ష చేసి, ఆపరేషన్‌కు తగినట్టు సరిచేసినారు. ఈ కాటరీ కరెంటును చూసి పేస్‌మేకర్ గుండె తానే కొట్టుకుంటోందని పొరబడి తన పని ఆపేయవచ్చునట. అందుకని ప్లేటును తొడకు అంటించి, కరెంటు దారి ఛాతీ వైపు పోకుండా చూసినారు. వీలైనచోట పట్టకారు లాంటి బైపోలార్ పరికరం వాడినారు. దానిలో కరెంటు ఒక మొన నుంచి పక్క మొనకే పోతుంది. మామూలు పెన్సిల్ వాడినప్పుడు ఆపి ఆపి కొంచెం కొంచెంగా వాడినారు. ఆపరేషన్ తరువాత మళ్ళీ పేస్‌మేకర్ పరీక్ష చేసి పంపినారు. ఇప్పటి ప్లేటు ఒంటికి అంటుకునేది, రెండు సగాలుగా ఉంటుంది. ఆనిక తగ్గితే మెషిన్ కూత పెట్టి కరెంటు ఆపేస్తుంది. అక్క కాలంలో ఆ రేకుకు అది లేదు.

డాక్టరు పని డాక్టరుదే. మన పని కొంచెమే, కానీ అది మనం తప్ప ఎవరూ చెయ్యలేరు. పేస్‌మేకర్, ఎముకకు వేసిన రాడ్డు, చెవిలో పెట్టిన యంత్రం, ఏది ఉన్నా అడగకముందే చెప్పండి. ఆపరేషన్ రోజు ఒంటికి నూనె పూయకండి, ప్లేటు అంటుకోదు. ఉంగరాలు, మెట్టెలు, ముక్కుపుడక, గొలుసు తీసేయండి. తాళి తీయడానికి మనసు ఒప్పకపోతే పసుపు దారం కట్టుకోండి, మంగళం ఎక్కడికీ పోదు. చర్మానికి పూసే స్పిరిటు మందు పూర్తిగా ఆరకముందు కాటరీ వాడితే మంట అంటుకుంటుంది. అది తియేటర్‌వాళ్ళు చూసుకునే పని. మన చేతిలో ఉన్నది, ఆ మందు పూసినాక తాకకుండా, తుడవకుండా ఉండడం.

వార్డుకు తెచ్చినాక ఒకటే ప్రశ్న అడగండి: "సిస్టర్, ప్లేటు ఎక్కడ పెట్టినారు? ఒకసారి చూడండి." మర్యాదగా అడిగితే ఎవరూ కోపపడరు. బావగారి విషయంలో మేము అడిగినాం. ఆ అమ్మాయి దుప్పటి తీసి చూపించింది. ప్లేటు ఊడదీసిన చోట కొంచెం ఎరుపు, అంతే. సాయంత్రానికి అదీ పోయింది.

బావగారు మాత్రం ఆ తొడను ఇంకోసారి చూపించమన్నారు. చూసి, కళ్ళు మూసుకుని పండుకున్నారు.