మంచు త్రోయు బండి

వంటయింటి సంగతులును బిడ్డల పెంపకమును వ్రాయవలసిన ఈ పుటలలో ఇంజను, గొలుసులు, ఇనుపబ్లేడు అని వ్రాయబూనినందులకు మమ్ము మన్నింపుడు. మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే అమరమును, భారతమును, ప్రబంధములును చెప్పిరి. హిమవత్పర్వత వర్ణనములు చదివినపుడెల్ల మంచనగా ముత్యములు, కర్పూరము, వెన్నెల అని మురిసెడివారము. దానిని త్రోసి దారి చేసికొనవలసి యుండునని ఏ కవియు మాకు చెప్పలేదు. మనుచరిత్రమున మాత్రము ఒక హెచ్చరిక యున్నది. మంచునీటికి పాదలేపము కరగిపోగా ప్రవరుడు ఇల్లు చేరలేక చిక్కుకొనెను. అది చదివిన దినములలో వరూధినిమీదనే గాని పాదలేపముమీద మా దృష్టి నిలువలేదు. ఇప్పుడు నిలిచినది.

మావారు అమెరికాదేశమున మిషిగన్ రాష్ట్రపు ఉత్తరాగ్రమున, సుపీరియరు సరస్సులోనికి చొచ్చుకొనిపోయిన కీవినా ద్వీపకల్పములో, ఉన్నతపాఠశాలలో గణితము చెప్పుచున్నారు. ఆ సరస్సు సముద్రము వంటిది. నిండుగా గడ్డకట్టుట అరుదు. కెనడానుండి వచ్చు చలిగాలి దానిమీదుగా పోవుచు, తనకంటె వెచ్చనైన నీటినుండి తేమను పీల్చుకొని, ఈ గట్టున కెక్కగానే మంచుగా విడుచును. అందువలన ఇచ్చట ఏటేట 200 అంగుళములు మించి మంచు కురియుట వింతగాదు. 1978–79 శీతకాలమున 390.4 అంగుళములు, అనగా ముప్పదిరెండడుగులకు పైగా కురిసినదట. ఆ కొలతను చూపుటకు బాటప్రక్కను జ్వరమాని ఆకారమున నిలువెత్తు పలక యొకటి నిలిపినారు. మొదటిసారి దానిక్రింద నిలిచి తలయెత్తి చూచినపుడు మా యత్తగారు, “అమ్మాయీ, ఇది యూరా, మునులు తపస్సు చేయుచోటా?” అనిరి.

2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ యత్తగారికే ఊపిరి ఆడలేదు. వెలుపల మోకాలిలోతు మంచు. మా యింటినుండి పెద్దబాటకు డెబ్బదిగజములకు పైబడిన దారి. దానిని శుభ్రముచేసికొనుట ఇంటివారి పని. ముందుగా సొమ్ము పుచ్చుకొన్న మంచుబండివాడు ఆ దినమున రాలేదు, ఫోను తీయలేదు. కౌంటీవారి పెద్దయంత్రము బాటను ఊడ్చుకొనిపోవుచు మా దారిమొగమున నడుమెత్తు గోడ పెట్టిపోయెను. అది దూదివంటి మంచు కాదు, నలిగి గట్టిపడిన ముద్ద. మేము అత్తగారిని ఒడిలో కూర్చుండబెట్టుకొని వీపు నిమురుచుండగా మావారు పార పట్టుకొని దిగిరి. అర్ధగంట గడువకముందే ఱొమ్ము పట్టుకొని మంచులో చతికిలబడిరి. లోపల తల్లి, వెలుపల కొడుకు. ఆంబులెన్సు వచ్చి బాటమీద నిలిచి ఎఱ్ఱదీపములు త్రిప్పుచుండెను. లోనికి రాలేదు, రాజాలదు.

అప్పుడు పొరుగింటి వృద్ధుడు, తాతలనాడు రాగిగనులలో పనికై ఫిన్లాండునుండి వచ్చిన కుటుంబమువాడు, తన నాలుగుచక్రముల ఏటీవీమీద వచ్చెను. ముందు పసుపుపచ్చని బ్లేడు. పావుగంటలో దారి తెఱచెను. ఆ పావుగంటను మేము మఱవలేము. తల్లికొడుకు లిరువురును బ్రతికి బయటపడిరి. అయితే మావారి గుండెనాళ మొకటి సన్నగిల్లినదని తేలినది. చలికి నాళములు ముడుచుకొనును, బరువెత్తునపుడు మనుష్యుడు ఊపిరి బిగబట్టును, ఆ రెండును కూడినచో ముప్పు. కావున ఇక పార ముట్టరాదని వైద్యుడు చెప్పెను.

“ఇకమీదట మంచుపని మీది కాదు” అంటిమి.

“నీవు చేసెదవా? వసుచరిత్రము చదివినంత సులభమనుకొంటివా?” అనిరి మావారు.

“వసుచరిత్రము సులభమని మీ కెవరు చెప్పినారు?”

ఆ మాటకు మావారియొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. కాని బండి కొనుట కొప్పుకొనుటకు ఎనిమిది నెలలు పట్టినది. ఉపాధ్యాయుని జీతము మీకు తెలియనిది కాదు. మఱల వేఱొక బండివానిని కుదుర్చుకొందమనిరి. ఆ రాత్రి తరువాత పరులకొఱకు కిటికీలోనుండి ఎదురుచూచుట మావలన కాదంటిమి. బ్లేడు కట్టిన పెద్ద ట్రక్కు మా తాహతుకు మించినది, మా దారివంపునందలి చెట్లనడుమ తిరుగనిది. మంచును పీల్చి దూరముగా చిమ్ము యంత్రము మంచిదే. ఇచ్చటివారు పలువురు దానినే మెచ్చుకొందురు. అయితే దానివెంట నడచి డెబ్బదిగజములు పోయివచ్చుటకు గంటలు పట్టును. మా పని బడికారు వచ్చులోపల, అనగా తెల్లవాఱకముందే తీరవలెను.

వృద్ధుడే మాకు గురువయ్యెను. మొదట ఎవరో చౌకగా ఇచ్చెదమన్న పాత మూడుచక్రముల బండిని చూడబోయితిమి. అతడు వలదని చేయి అడ్డముపెట్టెను. 1970లో హోండావారు అట్టి బండ్లను ఈ దేశమున అమ్మ మొదలిడిరి; ప్రమాదములు పెరుగగా 1988లో వాని క్రొత్త విక్రయము నిలిచిపోయినదని చెప్పెను. తరువాత అతడు చెప్పినదేమనగా, వేగము చూడవలదు, రంగు చూడవలదు, బరువును పట్టును చూడవలెను. నాలుగుచక్రములకును శక్తి యందవలెను. 500 సీసీ దరిదాపుల ఇంజను చాలును. అంతకంటె చిన్నది తడిమంచుముందు ఓడిపోవును. పెక్కుబండ్లలో ఇంజనునుండి చక్రములకు శక్తి రబ్బరుబెల్టు ద్వారా పోవును. వానితో మంచు త్రోయునపుడు తప్పక తక్కువగేరు వేయవలెను, లేకున్న బెల్టు వేడెక్కి చెడిపోవును. బెల్టు లేక గేర్లతోనే నడచునది మాబోటి క్రొత్తవారికి మేలని అతని మతము. వెనుక ఇరుసు ఒక్కటే కడ్డీగా ఉన్నచో బరువు పడినపుడు బండివెనుకభాగము అంతగా క్రుంగదనియు చెప్పెను. ఆ లక్షణములన్నియు నున్న హోండా ఫోర్‌మాన్ బండి, వాడినదే, 2023 అక్టోబరులో కొంటిమి. దానికై మేము దాచుకొన్న రెండుజతల గాజులలో నొకజత పోయినది. దీనిని మావారికి ముందుగా చెప్పలేదు. చెప్పినచో కొననిచ్చెడివారు కారు.

బ్లేడుదగ్గఱ మాత్రము మావారి గణితము పనికివచ్చెను. అంగడివారు 54 అంగుళములది చాలుననిరి. మంచును ప్రక్కకు త్రోయుటకు బ్లేడును ఏటవాలుగా త్రిప్పవలెను గదా! మావారు కాగితము తీసి లెక్క వేసిరి. 25 డిగ్రీలు త్రిప్పినచో 54 అంగుళముల బ్లేడు 49 అంగుళములే ఊడ్చును. బండి వెడల్పు సుమారు 47. చక్రము కొంచెము తొలగినను త్రోయనిమంచును త్రొక్కి గట్టిచేయును. 60 అంగుళములదైనచో త్రిప్పినపుడును 54 మిగులును. “అరువదియే” అని తీర్పు చెప్పిరి. పార విడిచిన నాటినుండి మావారి మొగమున అంతటి కళ మేము చూడలేదు.

బ్లేడును బండిముక్కునకుగాక నడుమ క్రిందిభాగమున బిగించు చట్రము కొంటిమి. త్రోపుబలము బండి యెముకలకు సరిగా అందునట. దానిని ఎత్తి దింపుటకు ముందున్న విన్చి. ఇందొక రహస్యమున్నది. విన్చితో వచ్చు ఇనుపతీగ, ప్రతిదినమును నూఱుమాఱులు అదే రెండడుగులు చుట్టుకొని విప్పుకొని, వంగినచోటనే పురులు తెగి ముండ్లుదేఱును. చేతితొడుగును చీల్చి చర్మమును గీరును. దానిని తీసి బలమైన నారత్రాడు వేయించితిమి. బ్లేడు క్రిందియంచున అరిగిన మార్చుకొను పట్టీయు, ఇరుప్రక్కల గిన్నెలవంటి పాదములును ఉన్నవి. మాది కంకరదారి గనుక ఆ పాదములను అర్ధాంగుళము దింపి బిగించితిమి, లేనిచో రాళ్లన్నియు మంచుతోపాటు గడ్డిలో పడును. అవి ఏప్రిలులో ఏఱుకొనుట ఎవరిపనియో చెప్పనేల! దాగిన మొద్దు తగిలినపుడు బ్లేడు ముందుకు ఒరిగి మఱల లేచునట్లు స్ప్రింగులున్నవి. నేల గడ్డకట్టకముందే దారికిరుప్రక్కల ఎఱ్ఱకొయ్యలు పాతితిమి. మంచు కప్పినపిదప దారియేదో తోటయేదో దేవునికే ఎఱుక.

వెనుకచక్రములకు గొలుసులు. ముందుచక్రములకు వేసినచో బ్రేకుగొట్టములకు తగులునేమో చూచికొమ్మని గురువు చెప్పగా వానిజోలికి పోలేదు. వెనుక తట్టుపై ఇసుకసంచులు రెండు, బండివారి పుస్తకమున వ్రాసిన బరువు మించకుండ. బొటనవ్రేలితో నొక్కునదే ఈ బండికి వేగము గనుక, అన్నిటికంటె ముందు ఆ వ్రేలు మొద్దుబాఱును. పిడికి వెచ్చదనమిచ్చు తీగలు చుట్టించుట విలాసము కాదు. విన్చి ఎంతయో విద్యుత్తు త్రాగును, చిన్నదారిమీద బండి దానిని మఱల నింపజాలదు. కావున రాత్రులు బ్యాటరీని చార్జరునకు తగిలించెదము. పాకలో తలుపులు మూసి ఇంజను వేడిచేయరాదు. దాని పొగ వాసన తెలియనీయకయే ప్రాణము తీయును. తడిమంచు బ్లేడునకు అంటుకొనకుండ వంటనూనె పూయవచ్చునను ఉపాయము మాత్రము మా వంటయింటినుండియే పోయినది. మా యత్తగారు ఆ సీసాను వేఱుగా పెట్టించిరి.

మా యెనిమిదేండ్ల అబ్బాయి వెనుక కూర్చుండెదనని ఏడ్చును. ఒక్కరికే అమర్చిన పీటపై రెండవవారు ఎక్కరాదు. ఇందులో బుజ్జగింపు లేదు.

ఇంత సిద్ధముచేసికొనగా 2023–24 శీతకాలమున మంచు పడలేదు! పడినదల్ల నాలుగునాళ్లలో కరగెను. ఆ యేడు ఈ ప్రాంతమున కుక్కలబండ్ల పందెములు సైతము మంచుచాలక ఆగిపోయినవి. ఇచ్చటివారికి హైకి లుంటా అను మంచుదేవుడు గలడు. 1970లో ఒక పాటలో పుట్టినవాడు. మన వరుణునితో పోల్చిన నిన్నటి శిశువు. ఆతడు మా గాజులు మ్రింగి నిద్రపోయెనని మావారు పరిహసించిరి. మేము నొచ్చుకొంటిమి గాని, గురువు పడిన ఆ కాస్తమంచులోనే మాకు పాఠము చెప్పెను: మొదటిమంచు నాడే అవసరమునకు మించి వెడల్పుగా, దూరముగా త్రోయుము, తరువాత గట్లు గట్టిపడి ప్రతివారమును దారి ఇఱుకగును. జనవరిలో చోటు కావలెనన్న నవంబరులో సంపాదింపవలెను. పెద్దబాటమీదికి త్రోయకుము, అది ఈ రాష్ట్రమున చట్టవిరుద్ధము. గోడవద్ద పరుగున గుద్దకుము. పైపొరను కొంచెముకొంచెముగా తీయుము.

2024 ఏప్రిలులో అతడు నిద్రలోనే పోయెను. మేము నిజమైన మంచును త్రోయుట అతడు చూడలేదు.

ఆ డిసెంబరున మంచు మఱల తన రూపు చూపెను. వేకువ అయిదుగంటలకు దీపము వెలిగించుకొని, చీర విడిచి దూదిచొక్కాయి తొడిగి, శిరస్త్రాణము పెట్టుకొని బయలుదేఱుదుము. మొదటి దినమున కొయ్యలు రెండు విఱిచితిమి. మావారు కిటికీలో నిలిచి ఎడమకు, కుడికి అని చేతులు త్రిప్పుచుందురు. వారి ఎడమ మాకు కుడియని ఎన్నిసార్లు చెప్పినను వినరు. ఇప్పుడు చూడనట్లు నటింతుము.

మా దారి తీఱినపిదప వృద్ధుని భార్య దారియు తీసివత్తుము. ఆమె మాట తక్కువ. ఒకనాడు తలుపు తీసి, గుడ్డలో చుట్టిన వేడిరొట్టె మా చేతిలో పెట్టెను. దానిని పుల్లా అందురు. జడవలె అల్లి కాల్చిన తీపిరొట్టె. ఇంట విప్పగానే ఏలకుల వాసన గుప్పుమనెను. మా యత్తగారు మంచమునుండి తలయెత్తి, “ఎవరమ్మా పాయసము వండినది?” అని యడిగిరి. చెప్పితిమి. చేయిచాపి, మఱల వెనుకకు తీసికొని, “గ్రుడ్డు వేసినారేమో కనుక్కొంటివా?” అనిరి.

వేసినారు. మఱునాడు ఆ సంగతి ఆమెకు మెల్లగా చెప్పితిమి. వారము తిరుగకముందే గ్రుడ్డు లేనిదొకటి చేసి, దానికి గుర్తుగా ఎఱ్ఱదారము కట్టి పంపెను.