మూడు ఘటముల పాఠము

తెలుగు పండితునకు విద్యుత్తుతో పనియేమని చదువరులు నవ్వవచ్చును. మేమును చాలకాలము అట్లే తలంచియుంటిమి. అయినను గత సంవత్సరము మా పాఠశాలలో జరిగిన యొక చిన్న సంఘటనను విద్యార్థులకును, తల్లిదండ్రులకును తెలుపుట మా విధియని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

విజ్ఞాన ప్రదర్శనమునకై తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు థర్మోకోలు పలకలతో నొక బొమ్మ విమానమును నిర్మించిరి. దానికి శక్తినిచ్చునది లిథియం పాలిమర్ బ్యాటరీ. అందు మూడు విద్యుద్ఘటములు, పిల్లల మాటలో సెల్లులు, ఒకదాని వెంట నొకటి శ్రేణిగా కూర్పబడియుండెను. ఒక్కొక్క ఘటము 3.7 వోల్టులదని చెప్పుదురు. పూర్తిగా నిండినప్పుడు అది 4.2 వోల్టులకు చేరును. మూడును నిండినచో మొత్తము 12.6 వోల్టులు. ఆ బ్యాటరీకి రెండు లావు తీగలును, అవి గాక నాలుగు సన్నని తీగలు గల చిన్న తెల్లని ప్లగ్గును గలవు. పిల్లలు కొనిన చవుక ఛార్జరులో ఆ తెల్లని ప్లగ్గునకు చోటు లేదు. రెండు నెలలు లావు తీగలతోనే పని జరిగినది.

ఒకనాడు సైన్సు ఉపాధ్యాయులు సెలవులో నుండగా ఆ బాలుర బాధ్యత మాపై పడినది. ఛార్జరు తగిలించియుండగనే మీటరు పెట్టి చూచితిమి: 12.6. సంతోషించితిమి. వారిలో మితభాషియైన యొక బాలుడు, "సార్, మూడు సెల్లులూ సమానంగా ఉన్నాయా?" అని అడిగెను.

"మొత్తం సరిపోయింది కదరా, ఇంక విడివిడిగా చూడడమెందుకు?" అని వాని నోరు మూయించి, ఛార్జరు తీయకయే భోజనమునకు వెళ్లితిమి. బ్యాటరీ ఉన్నది కొయ్యబల్లపైన. దాని ప్రక్కనే ప్రదర్శనమునకు వ్రాసిన కాగితపు పటములు.

కొంతసేపటికి ఆ బాలుడే పరుగున వచ్చి, "సార్, బ్యాటరీ పూరీలా ఉబ్బింది!" అనెను. వెంటనే విద్యుత్తును ఆపి, ప్లగ్గు తీసి, బ్యాటరీని ఇసుక బకెట్టులో నుంచి మైదానమునకు చేర్చితిమి. మంట పుట్టలేదు. అది మా జాగ్రత్త వలన గాదు, అదృష్టము వలన.

మరునాడు సైన్సు ఉపాధ్యాయులు ఆ నాలుగు తీగల వద్ద కొలిచి చూపిరి. ఒక ఘటము 4.30, రెండవది 4.16, మూడవది 4.10 వోల్టులు. కూడినచో 12.56. మొత్తము చూచువానికి లోపమేమియు కానరాదు. కాని మొదటి ఘటము మితిమీరి నిండి, లోపల వాయువు పుట్టి, ఉబ్బినది. శక్తి వ్యయమగునప్పుడును ఇదే చిక్కు. 3.7, 3.7, 3.1 కూడిన 10.5 అగును, సగటున 3.5 అని మనము నిశ్చింతగా నుందుము. బలహీనమైన ఘటము మాత్రము 3 వోల్టుల హద్దునకు జారి చెడిపోవుచుండును.

తెల్లని ప్లగ్గు ఉన్నది ఇందుకొరకే. ఘటముల సంఖ్యకంటె ఒక తీగ ఎక్కువగా నుండుటచే ప్రతి ఘటమును వేరువేరుగా కొలుచుటకు వీలగును. సమతుల్యము చేయు ఛార్జరు, ముందు నిండిన ఘటములోని మిగులును నిరోధకము ద్వారా వేడిగా వ్యయపరచి, మూడును 4.2 వద్ద నిలుచునట్లు చూచును. అయితే ఇది నింపుటలోని తేడాను సరిచేయునే గాని, ముసలిదైన ఘటమునకు పోయిన సామర్థ్యమును తిరిగి ఈయజాలదు. ఒకే ఘటము మాటిమాటికి వెనుకబడుచున్నచో ఆ బ్యాటరీని మానవలెను.

ఇంట ఇట్టి ఆటవస్తువులున్న తల్లిదండ్రులకు మనవి. 2200 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీకి 2.2 ఆంపియర్లు మించకుండ ఎక్కించుట క్షేమము. బండపైననే ఉంచి ఎక్కింపుడు, వదలి వెళ్లకుడు. కొన్నాళ్లు వాడనిచో ఘటమునకు సుమారు 3.8 వోల్టుల వద్ద నిలుపుడు. ఉబ్బినదానిని మరల వాడరాదు. 2022 నాటి నిబంధనల ననుసరించి ఇంటి చెత్తలో గలుపక విడిగా అప్పగింపవలెను.

ఇక మా మాట. మేము ఉపాధ్యాయ శిక్షణను పొరుగు రాష్ట్రమున, తిరుపతిలో పొందితిమి. అచ్చట తరగతి సగటును లెక్కించుట నేర్చితిమి. ఆ సగటు బాగున్నచో నిశ్చింతగా నిద్రించుట మాత్రము మాకై మేమే అలవరచుకొంటిమి. ప్రశ్న అడిగిన ఆ బాలుడు ఐదవ తరగతి వరకు తమిళ మాధ్యమమున చదివి మాయొద్దకు వచ్చినవాడు. ఇంట తెలుగు మాటలాడును. పుస్తకమున ఒత్తులు వచ్చినచోట తడబడును. సగటు బాగుండుటచే నాలుగేండ్లుగా మేమది గమనింపలేదు. ఇప్పుడు వారమునకొకసారి ప్రతి విద్యార్థిచేతను విడిగా చదివించుకొని వినుచున్నాము. ముందున్నవారిని తగ్గించి సమము చేయుట యంత్రమునకు తగును, ఉపాధ్యాయునకు తగదు. ఘటమునకు పోయిన సామర్థ్యము తిరిగి రాదు గాని, ఆ బాలుడు ఈ సంవత్సరము పుట కొకటి రెండు చోట్ల మాత్రమే తడబడుచున్నాడు.

ఆనాడు వాని ప్రశ్నకు మేము సమాధానము చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాము: సమానంగా లేవు, నాయనా. మేము చూడవలసియుండెను.