ఎవరి తాళం వాళ్లదే

మా దిక్కు నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లలో పని రాక తిరిగిపోయినవాళ్లు తక్కువ. సెంట్రింగ్ కానీ, ప్లంబింగ్ కానీ, ఏసీ రిపేరు కానీ, కొన్ని నెలలు తిప్పలు పడితే చేతికి వచ్చేస్తుంది. పని వచ్చి కూడా ఏళ్లకు ఏళ్లు హెల్పర్‌గానే ఉండిపోయినవాళ్లు మాత్రం ఏ క్యాంపులో చూసినా కనిపిస్తారు. ఏజెంటు మోసం, కంపెనీ తీరు, పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి అనే ఈసీఆర్ ముద్ర, ఇంగ్లిష్ రాకపోవడం... అన్నీ కారణాలే, కాదనను. ఇంకొకటి కూడా ఉంది. దాని సంగతి ఇక్కడ మనవాళ్లు నలుగురు కూడినచోట ఎప్పుడూ రాదు. అది నలుగురితో కలిసి పనిచేయడం రాకపోవడం. మనకు వచ్చనే అనుకుంటాం. ఊళ్లో చేసినం కదా అని ధీమా.

చేసిన మాట నిజమే. మాది నిజామాబాద్ జిల్లా మెండోర మండలం. 2016లో బాల్కొండ నుంచి విడదీసి కొత్త మండలం చేశారు. మెండోర అంటే ఎక్కడ అని అడిగేవాళ్లకు పోచంపాడు అని చెబితే చాలు, శ్రీరాంసాగర్ గుర్తొస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. గోదారి నిండి గేట్లు ఎత్తారంటే ఆ వారమంతా మా మండలంలో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. 42 గేట్లు లెక్కపెట్టి, మా ఇంట్లో అన్నం తిని పోతారు.

మా దగ్గర మనిషికి మనిషి సాయం లేకుండా నడవని పంట పసుపు. వానాకాలం మొదట్లో పెడితే తొమ్మిది నెలలు భూమిలోనే ఉంటుంది. ఆ తర్వాత తవ్వాలి, కొమ్ములూ మండలూ వేరు చేయాలి, ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండలో ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి. ఒక్క ఇంటి మనుషులతో తెమిలేది కాదు. అందుకే ఇవాళ మీ చేనుకు మేం వస్తే రేపు మా చేనుకు మీరు. బాయిలర్లు రాకముందు కడాయిలు పెట్టి ఉడికించేవాళ్లు. మంట ఎవరు చూడాలి, బుట్టలు ఎవరు ఎత్తాలి అని ఒకరు చెప్పే పని ఉండేది కాదు. బాపు ఓ చూపు చూస్తే మామ లేచి కట్టెలు తోసేవాడు.

కలిసి ఉండడం అంటే మా రైతులకు ఎంత పట్టుదలో 2019 పార్లమెంటు ఎన్నికల్లో దేశమంతా చూసింది. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ ధర కావాలి అని 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చింది. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. ధర సంగతి ఇంకో వ్యాసం.

ఇంత కలిసికట్టు ఉన్నవాళ్లం ఇక్కడికొచ్చాక ఎందుకు ముడుచుకుపోతాం? నాకు తోచింది ఇదీ. ఊళ్లో కలిసి పనిచేసేది తెలిసినవాళ్లతో. వాడి తాతా మన తాతా ఒకే బావి నీళ్లు తాగినవాళ్లు. వాడి కోపమేందో, వాడి బద్ధకమేందో పుట్టినప్పటి నుంచి తెలుసు. ఇక్కడ పొద్దున బస్సు దిగేసరికి పక్కన నేపాలీ, ఎదురుగా పెషావర్ పఠాన్, పైన మలయాళీ ఇంజినీరు, నిచ్చెన పట్టుకున్నది బంగ్లాదేశ్ పిల్లగాడు. వాళ్ల తాతలెవరో తెలుసుకునే దాకా పని ఆగదు. తెలియని మనిషిని గంటలో నమ్మి, వాడి చేతిలో ప్రాణం పెట్టి పనిచేయాలి.

దానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది. నేను దుబాయిలో చేసేది బిల్డింగ్ మెయింటెనెన్స్, పెద్ద టవర్లలో ఏసీ ప్లాంట్లు. ఫ్యాన్ బెల్టు మార్చాలంటే ముందు కరెంటు తీసేసి, ఆ బ్రేకర్‌కు తాళం వేయాలి. ఎంతమంది లోపలికి దిగితే అన్ని తాళాలు. ఒక్కో తాళానికి ఎర్ర ట్యాగు, దాని మీద ఫొటో, పేరు, ఫోన్ నంబరు. తాళంచెవి ఎవరిది వాళ్ల జేబులోనే ఉండాలి. అందరి తాళాలూ పట్టేలా ఆరు రంధ్రాల కొక్కెం ఒకటి ఉంటుంది. అయిదుగురు పని ముగించి తాళాలు తీసినా, ఆరో తాళం ఉన్నంతసేపు ఆ మిషన్‌కు కరెంటు పోదు. ఫోర్‌మన్ చెప్పినా పోదు, ఓనర్ చెప్పినా పోదు. తాళాలు వేశాక ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. తిరగలేదంటే అప్పుడు చెయ్యి పెట్టాలి. ఎవరి మంచితనం మీదా ఆధారపడని ఏర్పాటు ఇది. అపరిచితులు కలిసి పనిచేయడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నేను చూడలేదు.

ఒక జూలై సాయంత్రం దీనికే పరీక్ష వచ్చింది. బెల్టు మార్చడం అయిపోయింది, అందరూ తాళాలు తీశారు, ఒకటి మాత్రం మిగిలింది. నేపాలీ తమ్ముడిది. షిఫ్టు బస్సెక్కి క్యాంపుకు పోయాడు, చెవి వాడి జేబులో, ఫోన్ స్విచాఫ్. కింద రెండు అంతస్తుల్లో ఏసీ లేదు. ఆఫీసుల వాళ్లు ఫోన్ మీద ఫోన్. బిల్డింగ్ మేనేజరు వచ్చి, కట్టర్ తెచ్చి తాళం కోసి పారేయమన్నాడు. ఆ రోజు మా సీనియర్ బోధన్ అన్న డ్యూటీలో ఉన్నాడు. పేరు రాస్తే ఊరుకోడు, బోధన్ అన్న అనే రాస్తాను. ‘ఆ పిలగాడు లోపల లేడని మీరు చూసిన్రా సార్?’ అని అడిగాడు. హిందీలోనే అడిగాడు, నా చెవికి మాత్రం తెలుగులోనే వినిపించింది. లేడని అందరికీ తెలుసు. కళ్లతో చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అన్న లోపలికి పోయి మొత్తం చూసి వచ్చాడు, అయినా తాళం ముట్టుకోలేదు. కోయాలంటే దానికో ఫారం, పై సంతకం కావాలి. ‘ఆ సంతకం వచ్చేలోపు బండి పోయి వస్తది’ అని డ్రైవర్‌ను సోనాపూర్ క్యాంపుకు పంపాడు.

పిల్లవాడు వణుక్కుంటూ వచ్చాడు. రెండు రోజుల జీతం పోయిందనుకున్నాడో, ఇంటికి టికెట్టే కొడతారనుకున్నాడో. అన్న ఏమీ అనలేదు. ‘తీయ్ బేటా, నీ తాళం’ అన్నాడు, అంతే. వాడు తాళం తీసి, పోబోయి ఆగి, బేరింగ్ దగ్గర పొద్దున్నుంచీ ఏదో గరగరమంటోందని చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వే పాడు చేశావంటారని భయమేసిందట. విప్పి చూస్తే బేరింగ్ నిజంగానే అరిగిపోయి ఉంది. ఆ రాత్రి అలాగే నడిపి ఉంటే షాఫ్టు కూడా పోయేది.

ఆ మాట వాడి నోట ఎలా వచ్చిందన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. తిట్టి ఉంటే వచ్చేది కాదు. నేను మొదట పనిచేసిన కంపెనీలో నిచ్చెన విరిగితే ఎక్కినవాడి జీతంలో కోత పెట్టేవాళ్లు. దాంతో నిచ్చెనలు విరగడం ఆగిపోయిందా? విరిగిందని చెప్పడం ఆగింది. మెట్టు వదులైన నిచ్చెన చప్పుడు లేకుండా స్టోర్ గోడకు ఆనేది, తెల్లారి ఇంకొకడు ఎక్కేవాడు. స్టోర్ రిజిస్టర్లో మాత్రం అన్నీ బాగున్నట్టే ఉండేది.

ఇదే తీరు మా ఊళ్లలోనూ ఉంది. ఆర్మూరు, బాల్కొండ వైపు ఏ ఊరికి పోయినా గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది. వీడీసీ అంటాం. గుడి కట్టించడం, రోడ్డు వేయించడం వంటి మంచి పనులు ఎన్నో చేసినవే. కానీ కమిటీకి చేతనైన విద్య ఒకటే: దండుగ. కట్టకుంటే మాటల్లేవు, పనికి పిలవడం లేదు. కుటుంబాలను, కొన్నిచోట్ల కులాలకు కులాలనే వెలివేసిన సంగతులు పేపర్లలో వస్తూనే ఉంటాయి, పోలీసు కేసులూ అయ్యాయి. ఊరి కట్టు అని మనం గర్వంగా చెప్పుకునేదాంట్లో భయం పాలు ఎంతో కూడా చూసుకోవాలి. మనవాడు ఒకడు ఇక్కడ ఫోర్‌మన్ అయ్యాడంటే మొదట వాడికి గుర్తొచ్చేది ఆ కమిటీ పెద్దమనిషే. గొంతు పెంచుతాడు, కోత పెడతాడు, తెలుగువాళ్లకు నీడ పని, బయటివాళ్లకు ఎండ పని వేస్తాడు. ఆర్నెల్లలో టీమ్ అంతా మూగనోము పడుతుంది.

మూగనోము ఖరీదు ఎంతో కంపెనీ పెట్టిన ఒక క్లాసులో విన్నాను. ఏటా పెట్టే ఈ వ్యక్తిత్వ వికాసం క్లాసుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. టై కట్టుకున్న ఆయన నవ్వమంటాడు, చప్పట్లు కొట్టమంటాడు, చల్లటి గదిలో మాకు నిద్రొస్తుంది. ఆ రోజు వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ మాత్రం ఒక్క సంగతి చెప్పాడు. 1977 మార్చి 27, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి విమానాశ్రయం. పొగమంచు. రన్‌వే మీద రెండు పెద్ద జంబో విమానాలు. డచ్చి విమానం కెప్టెన్ ఆ కంపెనీలో అందరికీ పాఠాలు చెప్పేంత సీనియర్. పూర్తి అనుమతి రాకుండానే విమానం పరుగెత్తించాడు. ఎదుటి విమానం రన్‌వే నుంచి తప్పుకోలేదా అని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చి అడిగాడు కూడా. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఆయన మళ్లీ అడగలేదు. 583 మంది పోయారు. ఆ తర్వాతే విమాన సంస్థలు కిందివాళ్లకు అడగడం, పైవాళ్లకు వినడం కూడా శిక్షణలో భాగం చేశాయి.

గదిలో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. ఎందుకంటే ఆ ఇంజినీరులో మాకు మేమే కనిపించాం. ఆయన ఒక్కసారైనా అడిగాడు. మేం అదీ అడగం. గల్ఫ్‌లో మా నోటికి మొదట పట్టుబడేది ‘మాఫీ ముష్కిల్’. పర్లేదు, అయిపోతుంది అని. అర్థమైందా అంటే తల ఊపుతాం. అర్థం కాలేదంటే పని రానోడంటారని లోపల గుబులు.

నన్ను సూపర్‌వైజర్‌ను చేసినప్పుడు బోధన్ అన్న చెప్పిన కిటుకు ఒకటే. ‘అర్థమైందా’ అని ఎవణ్ణీ అడగొద్దు, ‘ఏం చేస్తవో చెప్పు’ అని అడుగు. వాడి భాషలో వాడు చెబుతుంటే ఏది దాటేశాడో మనకు తెలుస్తుంది. పఠాన్ పశ్తోలో మొదలుపెట్టి హిందీలోకి వచ్చి చేతులతో ముగిస్తాడు. సమయం పడుతుంది. మేనేజర్లకు నచ్చదు. అయినా నేను వదల్లేదు, ఎందుకంటే చెప్పించుకున్న పని రెండోసారి చేయించే అవసరం దాదాపు రాదు.

అన్నకు ఈ తెలివి ఎక్కడిదంటే, వాళ్ల నాన్న బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ మనిషి. 1937లో మొదలైన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నరికిన చెరకు రోజు దాటితే తీపి పడిపోతుంది, అందుకే క్రషింగ్ సీజన్‌లో రాత్రీ పగలూ మిల్లు ఆగేది కాదట. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడితో నిలబడి మాట్లాడి, ఏ రోలరు వేడెక్కుతోందో, ఏ వాల్వు కారుతోందో అప్పజెప్పనిదే ఇంటికి పోయేవాడు కాదని నాన్న చెప్పేవాడట. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. మిల్లు తుప్పు పట్టినా ఆ అలవాటు అన్న లాగ్‌బుక్కులో బతికే ఉంది. ‘అంతా ఓకే’ అని రాస్తే చింపేస్తాడు. ఏది ఓకే, ఏది కాదు, ఎవరికి చెప్పావు, అవన్నీ రాయాలి. తెలుగులో రాసినా సరే. ఒకసారి మా మలయాళీ ఇంజినీరు దాన్ని నాతో చదివించుకుని, తనకూ అలాగే రాసిపెట్టమన్నాడు.

పోయినసారి సెలవులో ఊరికి పోయినప్పుడు కమిటీ పెద్దమనుషులు కూర్చుని ఉంటే ఊరుకోలేక ఒక మాట అన్నాను. ఊళ్లో నీళ్ల పైపు పగలగొట్టినవాడు తనంతట తానే వచ్చి చెబితే దండుగ వేయొద్దు, బాగుచేసే ఖర్చు మాత్రం తీసుకోండి, అప్పుడు రాత్రికి రాత్రి మట్టి కప్పి పోయేవాళ్లు తగ్గుతారు అని. ‘దుబాయి పోయి మాకే కానూన్ చెప్పవడ్తివా’ అని నవ్వారు. అందులో కొంచెం పెద్దాయన నవ్వలేదు. ఆలోచించి, న్యాయంగానే అడిగాడు: ‘మంచిగనే ఉన్నది బిడ్డా. మరి దండుగలు బంద్ అయితే గుడి పైసలు యాడికెల్లి రావాలె?’

ఇంటికి ఇంత అని చందా వేసుకోవచ్చు కదా అన్నాను. చందా ఎవరూ ఇయ్యరన్నాడు. మోటార్ల లెక్కన వేయమన్నాను. మోటార్ల సంఖ్య ఎవరూ నిజం చెప్పరన్నాడు. అమ్మ భోజనానికి పిలిచేదాకా అక్కడే తిరిగాం ఇద్దరం. చివరికి పైపుల వరకు, ఒక్క సీజన్‌కు, చూద్దాం అన్నారు. ఎర్రజొన్న కోతలు అయ్యాక ఫోన్ చేసి అడగాలి.