ముందు బట్ట, తర్వాతే హంగులు

ఎడిన్‌బరాలోనో డండీలోనో చదువుకోవడానికి వెళ్లిన తెలుగు కుర్రాడికి పట్టా పుచ్చుకునే రోజు దగ్గరపడేసరికి అక్కడి సంప్రదాయ దుస్తు కిల్ట్ మీద మనసు పోవడం సహజమే. స్కాట్లండ్‌లో పుట్టిన తోటి విద్యార్థులు చాలామంది ఆ రోజు కిల్ట్‌లోనే వస్తారు. పెళ్లిళ్లకీ, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే విందులకీ అదే కట్టు. తీరా ఫోనులో వెతకడం మొదలుపెడితే రెండే దారులు ఎదురవుతాయి. ఒకటి, కొలతలిచ్చి కుట్టించుకునే 8 గజాల ఉన్ని కిల్ట్. చేత్తో కుట్టింది కావాలంటే నాలుగైదు వందల పౌండ్లకు తక్కువలో దొరకడం కష్టం. రెండోది సెట్టు. కిల్టూ, నడుముకి ముందు వేలాడే స్పోరన్ అనే సంచీ, బెల్టూ, బకిలూ, మేజోళ్లూ, వాటికి కట్టే పట్టీలూ, పిన్నూ అన్నీ ఒకే పెట్టెలో, అందులో సగానికంటే చాలా తక్కువ ధరకి ఇంటికొస్తాయి. చేతిలో డబ్బు తక్కువున్నవాడు రెండోదాని వైపే మొగ్గుతాడు. డబ్బు తక్కువున్నవాడే ఆ సెట్టు జోలికి పోకూడదని నా వాదన. ఉన్నదంతా ఒక్క కిల్ట్ మీద పెట్టాలి. అదీ కొత్త అక్రిలిక్ మీద కాక, ఇంకొకరు కట్టి వదిలిన ఉన్ని మీద పెట్టాలి. మిగతావి ఒక్కొక్కటిగా సమకూరతాయి. కొన్ని అసలు అక్కర్లేదు.

కిల్ట్ ఎందుకంత ఖరీదో ముందునుంచి చూస్తే తెలియదు. ముందు భాగం చదునుగా, రెండు పొరలుగా ఒకదాని మీద ఒకటి వచ్చే గళ్ల బట్ట, అంతే. పనంతా వెనక ఉంటుంది. అక్కడ పాతిక దాకా కుచ్చిళ్లు ఉంటాయి. ఒక్కో కుచ్చిలి పైకి కనిపించేది ఇంచి, ఇంచికి లోపే. దాని లోపలికి మడిచిన బట్ట అయిదారు ఇంచులు. ఎనిమిది గజాలు మింగేది ఈ మడతలే. తొమ్మిది గజాల చీరలు కట్టిన ఇళ్లవాళ్లకి ఈ లెక్క కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే చీర కుచ్చిళ్లు రోజూ చేత్తో పోసుకుంటాం, కిల్ట్ కుచ్చిళ్లని నడుము నుంచి పిరుదుల దాకా కుట్టి, లోపల గట్టి కాన్వాసు వేసి, శాశ్వతంగా నిలబెడతారు. కుట్టేవాళ్లు ఇంకో పట్టు కూడా పడతారు. టార్టన్ అనే ఆ గళ్ల బట్టలో ఏ గీత తర్వాత ఏ గీత రావాలో ఆ వరస సాధారణంగా కుచ్చిళ్ల మీద కూడా రావాలి. ఎంతో బట్ట లోపలికి వెళ్లిపోయినా, వెనక నుంచి చూస్తే గళ్లు తెగకుండా చదును బట్టలా కనిపించాలి. మనిషి నడిచినప్పుడు కుచ్చిళ్లు విడివడి, లోపలి రంగులు ఒక్క క్షణం బయటపడి మళ్లీ మూసుకుంటాయి. కిల్ట్ అందమంతా ఆ కదలికలో ఉంది. ఆ కదలికకి కావలసింది బరువు. అందుకే గజానికి 13 నుంచి 16 ఔన్సులు తూగే ఉన్నిని ఎంచుకుంటారు.

సెట్టు తయారుచేసేవాళ్లు ధర తగ్గించేది సరిగ్గా ఇక్కడే. ముందు ఉన్ని పోయి అక్రిలిక్ వస్తుంది. తర్వాత మడత లోతు తగ్గుతుంది, కుచ్చిళ్ల సంఖ్య తగ్గుతుంది, గళ్ల వరస కలపడం మానేస్తారు. గజాలు తగ్గడం దానికదే తప్పు కాదు. 18వ శతాబ్దం చివర్లో కుట్టిన కిల్ట్‌లకి సుమారు నాలుగు గజాలే పట్టేవి, కుచ్చిళ్లు వెడల్పుగా పెట్టెల్లా ఉండేవి. మంచి ఉన్నితో అలా కుట్టినవి ఇవాళా ఉన్నాయి, చూడముచ్చటగా ఉంటాయి. కాబట్టి తక్కువ గజాలతో నాకు పేచీ లేదు. తేలిక బట్టని తక్కువ లోతుతో మడిచి, ఎనిమిది గజాల కిల్ట్ ఫోటో పక్కన పెట్టి అమ్మడంతోనే పేచీ. అక్రిలిక్ కుచ్చిలి రెండుసార్లు కూర్చుని లేస్తే వదులైపోతుంది. ఇస్త్రీ కాస్త వేడెక్కితే బట్ట మెరుపు తేలుతుంది, ఆ మెరుపు ఇక పోదు. కొన్నాళ్లకి తొడల దగ్గర చిన్నచిన్న ఉండలు కడుతుంది. ఉన్ని పడనివాళ్లకి పాలీ-విస్కోస్ ఉంది. అది కుచ్చిళ్లని బాగానే పట్టి ఉంచుతుంది, ఇంట్లో ఉతుక్కోవచ్చు. ఒంటికి ఉన్ని గుచ్చుకునేవాళ్లు దాన్ని నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు.

తెరమీద చూసి కొనేటప్పుడు ఇవన్నీ ఎలా కనిపెట్టాలి? పోచంపల్లి చీర కొనేవాళ్లు బట్ట తిరగేసి చూస్తారు. నేసిన డిజైను అయితే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసిందయితే వెనకవైపు వెలవెలబోతుంది. టార్టన్‌కీ అదే పరీక్ష. పడుగులో ఏ రంగులు ఏ వరసలో ఉంటాయో సాధారణంగా పేకలోనూ అవే వరసలో ఉంటాయి. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా నేస్తారు కాబట్టి దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. లోపలివైపు ఫోటో అడగాలి. వెనక కుచ్చిళ్ల ఫోటో అడగాలి, గళ్లు కలిశాయో లేదో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, కింది అంచు ఫోటో. సంప్రదాయంగా కుట్టిన కిల్ట్‌కి కింద మడతకుట్టు ఉండదు. మగ్గం మీద వచ్చిన అంచునే కిందికి ఉంచుతారు. మోకాలి దగ్గర బట్ట పలచగా, సూటిగా వేలాడటానికి కారణం అదే. అక్కడ మెషిన్ కుట్టు చుట్టూ పరుగెత్తిందంటే వెడల్పు బట్టని కోసి మడిచారన్నమాట. ఈ మూడు ఫోటోలు పంపడానికి అమ్మేవాళ్లు వెనకాడితే అక్కడితో ఆగిపోవడం మంచిది.

ఆ అంచువల్లే ఇంకో లెక్క కూడా మారుతుంది. పాత కిల్ట్ కొనేటప్పుడు అందరూ నడుము కొలత చూసి, పొడవు తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. తలకిందుల లెక్క అది. నడుము కొంత మార్చుకోవచ్చు, పట్టీలూ బకిళ్లూ విప్పి ఇంచి, రెండించులు జరిపి కుడితే సరిపోతుంది, ఏ టైలరైనా చేస్తాడు. పొడవు తగ్గించాలంటే మాత్రం అంచు కోయాలి, పాతిక కుచ్చిళ్లూ ఒకదానికొకటి సమంగా మడిచి కుట్టాలి. కిల్ట్ ధరంత ఖర్చవుతుంది, ఆ వేలాటం పోతుంది. కిల్ట్ బొడ్డు దగ్గర మొదలై మోకాలి చిప్ప నడిమికి రావాలి. అయిదున్నర అడుగుల మనిషికి అది 22 ఇంచులకి అటూ ఇటూగా ఉంటుంది. మార్కెట్లో ఎక్కువగా ఉండేవి అంతకంటే పొడుగువాళ్లవి, కాబట్టి మనవాళ్లు చాలామంది ఓపిగ్గా వెతకాల్సి వస్తుంది. నడుము కొలతలో జరిగే పొరపాటు ఇంకొకటుంది. జీన్స్ సైజు రాసి పంపేస్తారు. జీన్స్ నిలబడేది బొడ్డుకి బాగా కింద, కిల్ట్ కట్టేది బొడ్డు దగ్గర. రెండు చోట్లా చుట్టుకొలత ఒకటి కాదు. టేపు ఇంకొకరి చేతికిచ్చి, తల వంచకుండా నిటారుగా నిలబడి కొలిపించుకోవాలి. తల వంచి చూసుకుంటే పొడవు కొలత అక్కడే తేడా వచ్చేస్తుంది.

పాతవి ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకి జవాబు స్కాట్లండ్ పెళ్లిళ్లలోనే ఉంది. అక్కడ కిల్ట్‌లు అద్దెకిచ్చే దుకాణాలు పెద్ద వ్యాపారం. కొన్నేళ్లు తిప్పిన సరుకుని అవి అమ్మేస్తుంటాయి. అద్దెకిచ్చే కిల్ట్ రకరకాల నడుములకి సరిపోయేలా, గట్టిగా కుట్టి ఉంటుంది. తరచూ 100 పౌండ్ల చుట్టుపక్కల అసలైన ఉన్నిది చేతికొస్తుంది. ఒకరు కట్టిన బట్ట మనమెలా కడతాం అన్న సంకోచం మన ఇళ్లలో బలంగానే ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే శుభ్రం చేయించి బయటికిచ్చే ఉన్ని విషయంలో ఆ సంకోచానికి ఆధారం తక్కువ. కోటు అద్దెకి తెచ్చుకున్నవాడు దానికంటే శుభ్రమైనదేమీ వేసుకోలేదు. చూడాల్సింది పురుగు. ఉన్నికి పురుగు పడుతుంది; కిల్ట్ రాగానే కుచ్చిళ్లు ఒక్కొక్కటే విప్పి వెలుతురుకి పట్టి చూస్తే చిల్లులు బయటపడతాయి.

వాపసు హక్కు మాటేమిటి అని అడుగుతారు, మంచి ప్రశ్న. బ్రిటన్‌లో దూరం నుంచి కొన్న సరుకుని 14 రోజుల్లో వద్దనే హక్కు 2013 నాటి నిబంధనల ప్రకారం ఉంది. ఆ హక్కు వ్యాపారి దగ్గర కొన్నదానికే వర్తిస్తుంది, మామూలు మనిషి తన బీరువాలోంచి తీసి అమ్మినదానికి వర్తించదు. కొలతలిచ్చి ప్రత్యేకంగా కుట్టించుకున్నదానికీ వర్తించదు. అంటే చవగ్గా కొత్తది కుట్టించుకుంటే భద్రం అనుకోవడంలో పొరపాటుంది. కొలత తప్పయితే అది మన దగ్గరే ఉండిపోతుంది. అద్దె దుకాణం అమ్మే పాత కిల్ట్ మాత్రం తిరిగి పంపొచ్చు. విచిత్రంగా అనిపించినా, తొలిసారి కొనేవాడికి పాతదే తక్కువ ప్రమాదం.

ఇక హంగులు. సంప్రదాయం అంటే పూర్తి సెట్టే కదా, సగం వేసుకుంటే అవమానించినట్టు కాదా అన్నది బరువైన అభ్యంతరం. చరిత్ర చూస్తే సంప్రదాయం బట్ట వైపే నిలబడుతుంది. 16వ శతాబ్దం చివరికి స్కాట్లండ్ కొండప్రాంతమైన హైలండ్స్‌లో కనిపించే పెద్ద కిల్ట్‌కి కుట్టిన కుచ్చిళ్లు లేవు. మన పంచెలాగే పొడవాటి గుడ్డ, కుచ్చిళ్లు పోసి, నడుముకి పటకా బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవాళ్లు. రాత్రి అదే దుప్పటి. కింది సగాన్ని మాత్రమే విడిగా కట్టుకోవడం 18వ శతాబ్దపు మాట. 1746లో కలోడన్ యుద్ధంలో, రాజు మీద తిరగబడ్డ జాకోబైట్లు ఓడిపోయాక హైలండ్ దుస్తుల మీద చట్టం పెట్టి నిషేధం విధించారు. సైన్యంలో ఉన్నవాళ్లకి తప్ప మిగతా మగవాళ్లకి 1782 దాకా అది నేరం. 1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరా వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ నడిపిన వేడుకల తర్వాతే కిల్ట్ దర్బారు ముస్తాబుగా పెరిగింది. ఇవాళ సెట్టులో వచ్చే మెరుపులు చాలావరకు ఆ వేడుక తర్వాతి కాలానివి. నిషేధాన్ని తట్టుకుని నిలిచింది బట్టే, బకిల్ కాదు. అందుచేత మంచి ఉన్ని కిల్ట్ కట్టి, మామూలు నల్ల బూట్లూ, మోకాలి కింద మడిచిన సాదా ఉన్ని మేజోళ్లూ, ఒక స్వెట్టరూ వేసుకున్నవాడు ఎవరినీ అవమానించడం లేదు. స్పోరన్ ఒక్కటి త్వరగా కావాలి, ఎందుకంటే కిల్ట్‌కి జేబులుండవు. సాదా తోలుది చాలు, బొచ్చుది అక్కర్లేదు. పిన్ను పెడితే పైపొరకే పెట్టాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు బట్ట చిరుగుతుంది. మేజోడులో దోపుకునే స్గియన్ దూ అనే చిన్న కత్తి తొలి ఏడాది ఎవరికీ అవసరం లేదు. వెండి బొత్తాల ప్రిన్స్ చార్లీ కోటు కావలసిన పెళ్లి వస్తే ఆ ఒక్క రోజుకి కోటు అద్దెకి తెచ్చుకోవచ్చు.

మనకి ఆ గళ్ల మీద హక్కుందా అని తటపటాయించేవాళ్లకి ఒక మాట. ఫలానా వంశం వాళ్లే ఫలానా టార్టన్ కట్టాలన్న చట్టం స్కాట్లండ్‌లో లేదు. వంశాల పేర్లు గళ్లకి గట్టిగా అతుక్కున్నది కూడా చాలావరకు 19వ శతాబ్దంలోనే. రాజకుటుంబం తనకోసం ఉంచుకున్న బాల్మోరల్ లాంటివి కొన్నిటిని వదిలేస్తే చాలు. బ్లాక్ వాచ్ అనే టార్టన్ ఎవరైనా కడతారు. డండీ, అబర్దీన్, ఎడిన్‌బరా లాంటి ఊళ్లకి సొంత టార్టన్లున్నాయి. చదువు చెప్పిన ఊరి గళ్లు కట్టుకోవడం కంటే మర్యాదైన ఎంపిక నాకు తోచదు. చివరిగా, చవక కిల్ట్‌ల మీద అక్కడివాళ్లు చేసే ఫిర్యాదు. సెట్టుల్లో ఎక్కువ భాగం పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో తయారవుతాయి, స్కాట్లండ్ కుట్టుపనివాళ్ల కూడు పోతోందని అంటారు. సియాల్‌కోట్ పనివాళ్లు తరాలుగా బ్యాగ్‌పైపులు చేస్తున్నవాళ్లు, వాళ్ల చేతిపనిని తక్కువ చేయను. తప్పంతా ధరని బట్టి బట్టని తగ్గించమనే బేరంలో ఉంది. చేనేత పక్కన మరమగ్గం నకళ్లు వచ్చిపడిన ఊళ్లు చూసినవాళ్లం కాబట్టి ఆ కష్టం మనకి అర్థమవుతుంది. పాత ఉన్ని కొన్నవాడు స్కాట్లండ్ కుట్టుపనివాళ్ల పనిని ఇంకో ఇరవై ఏళ్లు వాడుకలో ఉంచుతాడు, పట్టీలు జరిపించుకోవడానికి మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లొచ్చు.

ఉన్ని కిల్ట్ ఇంటికొచ్చాక ఉతకకూడదు, గాలికి ఆరేస్తే చాలు. ఇస్త్రీకి ముందు ఒక గంట పని ఉంది. బల్ల మీద బోర్లా పరిచి, కుచ్చిళ్లన్నీ గీతకి గీత కలిసేలా సర్ది, తెల్లదారంతో అడ్డంగా రెండు మూడు వరసలు వదులుకుట్లు వేయాలి. తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెని రుద్దకుండా ఎత్తి ఎత్తి అదమాలి. పూర్తిగా చల్లారాక దారం లాగేయాలి.