ఆటోనగర్‌లో నాడి పట్టేదెవరు?

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పటమట దాటితే ఆటోనగర్ గేటు. లోపలికి నాలుగడుగులు వేస్తే చాలు... సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, పెయింటు వాసన! ఇంజినూ చట్రమూ తప్ప ఏమీ లేకుండా వచ్చిన లారీ, ఇక్కడ బాడీ కట్టించుకుని, రంగులేసుకుని పెళ్లికొడుకులా బయటికెళ్తుంది. 1960ల్లో మొదలైన ఈ పేట పేరుతో 2014లో ‘ఆటోనగర్ సూర్య’ సినిమా కూడా వచ్చింది.

ఇక్కడ ఒకే షెడ్డులో అన్ని పనులూ కావు. కట్టలకు ఒకరు, రేడియేటర్‌కు ఒకరు, డీజిల్ పంపుకు మరొకరు. ‘అది నా పని కాదండీ, పక్క వీధిలో అడగండి’ అన్నాడంటే చేతకాక కాదు. కొత్తగా వచ్చినవాళ్లు విసుక్కుంటారు గానీ, నమ్మదగిన మేస్త్రీకి అదే మొదటి గుర్తు.

కార్బురేటర్ల కాలంలో చప్పుడు వినే జబ్బు చెప్పేవారు. ఇప్పటి కారులో పెట్రోలు ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అన్నది ఒక చిన్న కంప్యూటర్ తేలుస్తుంది. దారిలో పసుప్పచ్చ ఇంజిన్ దీపం వెలిగిందనుకోండి. నిలకడగా ఉంటే నెమ్మదిగా షెడ్డుకు చేరొచ్చు. మిణుకు మిణుకుమంటే మాత్రం బండి పక్కకు ఆపాల్సిందే. మండని పెట్రోలు పొగగొట్టంలోని ఖరీదైన కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

షెడ్డులో స్కానర్ పెడితే ‘ఒకటో సిలిండర్ సరిగా మండటం లేదు’ అని వస్తుంది. అంతే! ఎందుకో చెప్పదు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, ఎలుక కొరికిన తీగా కావచ్చు. తొందరపాటు మెకానిక్ అన్నీ వరసగా మార్చేస్తాడు. బిల్లు మీది. పనితనం ఉన్నవాడు, సిలిండర్‌కొక కాయిల్ ఉన్న బండైతే, ఒకటోదాని కాయిల్ తీసి రెండోదానికి, రెండోది ఒకటోదానికి మార్చి చూస్తాడు. తప్పు కూడా రెండోదానికి మారితే కాయిల్‌దే దోషం! కొత్త సామాను కొనకుండానే తేలిపోయింది. కాబట్టి అడగాల్సింది ‘ఎంతవుతుంది?’ అని కాదు, ‘ఎలా కనిపెట్టారు?’ అని.

మరి అన్ని బళ్లూ ఇలా బయట బాగవుతాయా? విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి షెడ్లకు సరిగా అందనివ్వడం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు రూ. 2,545 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయనుకోండి. బయటి మేస్త్రీల కష్టం మాత్రం కాగితాలకెక్కింది. అలాగని వారంటీ ఉన్న బండిని, ఎయిర్‌బ్యాగు పనిని ఇక్కడికి తేవడం తెలివి కాదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు తీగల్లో ప్రాణం తీసేంత కరెంటుంటుంది. శిక్షణ లేనివాళ్లు వాటిని ముట్టుకోకూడదు.

పని ముగిశాక మంచి మేస్త్రీ బండిని మీతో కలిసి గేటు దాకా నడిపి చూస్తాడు. పాత కాయిల్ అడక్కముందే చేతిలో పెడతాడు. ‘ఇంటికి తీసుకెళ్లండి సార్’ అంటాడు నూనె చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ. అప్పటికే పక్కన ఇంకో బండి బానెట్ లేచి ఉంటుంది.