మోత్యా పిచ్చికుక్క కాదు

షోలాపూర్ పూర్వభాగంలో మేముండే గల్లీ చాలా ఇరుకు. ఒకవైపు పవర్‌లూమ్ కార్ఖానా, ఇంకోవైపు వరుసగా రెండేసి గదుల ఇళ్లు. పొద్దంతా మగ్గాల చప్పుడే. మా బాపు ఆ కార్ఖానాలో టవళ్లు నేస్తాడు. అమ్మ, నానమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడతారు. మా పెద్దలు కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చారు. ఇంట్లో తెలుగు, గల్లీలో తెలుగు, బజారుకు పోతే మరాఠీ. మా కుక్కకు మాత్రం మరాఠీ పేరే పెట్టుకున్నాం. దాని పేరు మోత్యా. ఇక్కడ పిలిచి చూడండి, ప్రతి రెండో గల్లీలో ఒక మోత్యా పలుకుతుంది.

మాది జాతి కుక్క కాదు, నాటు కుక్క. వానకు తడిసి కార్ఖానా గోడ పక్కన వణుకుతుంటే తమ్ముడు ఎత్తుకొచ్చాడు. బాపు మొదట వద్దన్నాడు. తర్వాత ఆయనే దాన్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకొని పశువుల దవాఖానాకు పోయి టీకాలు వేయించాడు. ఆ టీకాల కార్డును రేషన్ కార్డు పెట్టే డబ్బాలోనే దాచాడు. ఆ కార్డు ఒక రోజు మోత్యా ప్రాణం కాపాడుతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

దానికి మూడేళ్లు నిండాక ఒక ఆదివారం పొద్దుగాల గడప దగ్గర పండుకున్నది పండుకున్నట్టే బిగుసుకుపోయింది. పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లు సైకిల్ తొక్కుతున్నట్టు కొట్టుకున్నాయి. దవడలు టకటక ఆడాయి. నోట్లోంచి నురుగు వచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని పిలిస్తే పలకలేదు. అక్కడే మూత్రం పోసింది. గల్లీలో గోటీలాడే పిల్లలు చూసి, “పిచ్చికుక్క! పిచ్చికుక్క!” అని అరుస్తూ ఉరికారు.

ఆ ఒక్క మాటతో గల్లీ అంతా మారిపోయింది. తలుపులు మూసుకున్నాయి. పక్కింటి కాకా కట్టె పట్టుకొని వచ్చాడు. ఆయన చెడ్డ మనిషి కాదు. మోత్యాకు రోజూ భాకరి ముక్క వేసేది ఆయనే. కాని ఇంట్లో చిన్న మనవరాలు ఉంది, భయపడ్డాడు. “అది కరిస్తే ఎవరు జవాబుదారి? ఒక్క దెబ్బతోని పని అయిపోతది” అన్నాడు. నానమ్మ ఒళ్లోని చాట పక్కన పెట్టి, లేచి, మోత్యాకు ఆయనకు నడుమ నిలబడింది. “ఆగు బిడ్డా. గడియారం చూడు, జరసేపు ఆగు” అన్నది.

నేను గోడ గడియారం చూశాను. కొట్టుకోవడం ఆగేసరికి నిమిషం పైన కొన్ని సెకండ్లు అయింది. “పావుగంట అయిందిరా” అని కాకా తర్వాత అందరికీ చెప్పాడు. నానమ్మ కూడా ఐదు నిమిషాలనే అనుకుంది. భయంలో నిమిషం చాలా పెద్దగా కనిపిస్తుంది. అందుకే గడియారం చూడాలి.

ఆ తర్వాత మోత్యా లేచింది. కాని మమ్మల్ని గుర్తుపట్టలేదు. గోడకు తగులుకుంటూ తిరిగింది. గిన్నెలో నీళ్లన్నీ తాగింది. అరగంటకు తోక ఊపింది. బాపు డబ్బాలోంచి టీకాల కార్డు తీసి కాకా చేతిలో పెట్టాడు. “రేబీస్ సూది తారీకు చూడు కాకా. రేపు దవాఖానాకు తీసుకుపోత. డాక్టర్ చెప్పేదాక దాన్ని కట్టేసే ఉంచుత” అన్నాడు. కాకా కట్టె దించాడు గాని పారేయలేదు, తలుపు వెనక పెట్టుకున్నాడు.

మరునాడు దవాఖానాలో డాక్టరమ్మ మోత్యాను పట్టుకోకముందే మమ్మల్ని ప్రశ్నలు అడిగింది. ఆమె మరాఠీలో అడిగేది, నేను నానమ్మకు తెలుగులో చెప్పేదాన్ని. వయసెంత? ఇది మొదటిసారా? తలకు దెబ్బ తగిలిందా? వేరే కుక్క కరిచిందా? ఎలుకల మందు గాని, పురుగుల మందు గాని తిన్నదా? మేం బీడీలు చుడతామని తెలియగానే, “తంబాకు తిన్నదా?” అని రెండుసార్లు అడిగింది. తంబాకులోని నికోటిన్ కుక్కకు విషం. తింటే వాంతులు, చొంగ, వణుకు, ఆఖరికి ఫిట్స్ కూడా వస్తాయట. మా నానమ్మ చాటను ఎప్పుడూ ఉట్టి మీదే పెడుతుంది. “అది వాసన చూసి తుమ్ముతది గని ముట్టది” అన్నది. బీడీలు చుట్టే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఈ ముచ్చట అందరూ గుర్తుపెట్టుకోవాలి. కుక్కపిల్ల ఉన్న ఇంట్లో తంబాకు చాట నేల మీద ఉండకూడదు.

ఫిట్స్‌కు కారణాలు చాలా ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. విషం ఒకటి. రక్తంలో చక్కెర తగ్గడం, కాలేయం చెడిపోవడం, మెదడులో గడ్డ, టీకా వేయని పిల్లలకు వచ్చే డిస్టెంపర్, పాలిచ్చే తల్లికుక్కకు కాల్షియం తగ్గడం మరికొన్ని. పరీక్షల్లో ఇవేవీ కనిపించకుండా, ఆరు నెలల నుంచి ఆరేళ్ల వయసులో మొదలై మళ్లీ మళ్లీ వస్తుంటే అది ఎక్కువగా మూర్ఛరోగమే అవుతుంది. మోత్యా రక్తపరీక్ష బాగానే వచ్చింది. రెండు నెలల లోపల ఇంకో రెండుసార్లు వచ్చాక డాక్టరమ్మ కాగితం మీద మరాఠీలో “అపస్మార్” అని రాసింది. మనం తెలుగులో “అపస్మారక స్థితి” అంటే స్పృహ తప్పడం. మరాఠీలో అపస్మార్ అంటే మూర్ఛరోగం. మాట ఒక్కటే, రెండు భాషల్లో కొంచెం పక్కకు జరిగింది.

మరి పిచ్చికి, మూర్ఛకు తేడా ఎట్లా తెలుస్తుంది? నేను అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఇదే. పిచ్చి, అంటే రేబీస్, వచ్చిన కుక్కకు నడుమ నడుమ బాగుండే రోజులు ఉండవు. లక్షణాలు మొదలయ్యాక దినదినానికి ముదురుతుంది. గొంతు మారుతుంది, దవడ వేలాడుతుంది, మింగలేదు, కొన్ని కరవడానికి వస్తాయి, కొన్ని మూలకు పోయి పడి ఉంటాయి. ఎక్కువగా పది రోజుల లోపలే చనిపోతుంది. మూర్ఛ ఉన్న కుక్క అట్లా కాదు. ఫిట్ పోయాక మళ్లీ తింటుంది, ఆడుతుంది, ఇంటివాళ్లను గుర్తుపడుతుంది. నురుగు రెండింటిలోనూ కనిపించవచ్చు. కాబట్టి నురుగును చూసి తీర్పు చెప్పకూడదు. కాని ఒక జాగ్రత్త. రేబీస్ కుక్కకు కూడా ఫిట్స్ రావచ్చు. టీకా సంగతి తెలియని వీధికుక్క కొట్టుకుంటుంటే దగ్గరికి పోవద్దు, పెద్దలకు చెప్పి పశువైద్యుణ్ణి పిలిపించాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే దవాఖానాకు పోవాలి.

పిచ్చినీ మూర్ఛనూ కలిపేసేది మా గల్లీ పిల్లలు ఒక్కరే కాదు. నానమ్మ ఒక ముచ్చట చెప్పింది. “మా ఊర్ల ఒక పిల్లకు గిట్లనే వస్తుండె. మంచి పిల్ల, మగ్గం మీద కూసుంటే లేవకపోవు. పిచ్చిది అన్నరు. పెండ్లే గాలేదు” అన్నది. మన దేశంలో 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కూడా పెళ్లికి అడ్డంకులు చెప్పే చోట పిచ్చి పక్కన మూర్ఛ అనే మాట చాలా ఏళ్లు ఉండింది. 1999లో చట్టాన్ని సవరించి ఆ మాట తీసేశారు. చట్టంలోంచి పోయిన మాట గల్లీలోంచి ఇంకా పోలేదు. నవంబరు 17న మన దేశంలో జాతీయ మూర్ఛ దినం జరుపుకుంటారు. మనుషులకు మూర్ఛ వచ్చినా మన దగ్గర చేసేది ఇదే, భయపడి దూరం జరగడం.

ఇప్పుడు మోత్యాకు వచ్చేముందు మాకు కొంచెం తెలుస్తుంది. ఊరికే తిరుగుతుంది, అమ్మ కొంగు వదలదు, ఒక మూలకు చూస్తూ ఉంటుంది. అప్పుడు మేం చేసేది ఇంతే. మెట్ల దగ్గర, మోరీ దగ్గర ఉంటే మెల్లగా ఈవలికి జరుపుతాం. చుట్టూ ఉన్న స్టూలు, చాట, గిన్నెలు తీసేస్తాం. తల కింద పాత చద్దరు మడత పెడతాం. లైటు, టీవీ బంద్ చేస్తాం. గడియారం చూస్తాం. తమ్ముడు మొబైల్‌లో వీడియో తీస్తాడు, ఎందుకంటే దవాఖానాకు పోయేసరికి అది మంచిగానే ఉంటుంది, డాక్టరమ్మకు చూపించడానికి ఏమీ మిగలదు.

చేయకూడనివి కూడా ఉన్నాయి. మన పెద్దలు చేతిలో ఇనుప తాళంచెవి పెడతారు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెడతారు. వాటితో ఫిట్ ఆగదు, అది దానంతట అదే ఆగుతుంది. నోట్లో వేలు గాని చెంచా గాని పెట్టవద్దు. కుక్క నాలుకను మింగదు, కాని తెలియకుండానే మన వేలు కొరుకుతుంది. కాళ్లు గట్టిగా పట్టుకొని ఆపవద్దు. పూర్తిగా తెలివి రాకముందు నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేచిన తర్వాత కాసేపు దానికి కళ్లు సరిగా కనిపించవు. కాబట్టి ముఖం మీద పడి ముద్దు చేయకుండా, కొంచెం దూరం నుంచే మెల్లగా పేరు పెట్టి పిలవాలి.

ఐదు నిమిషాలు దాటినా, ఒక ఫిట్ నుంచి తేరుకోకముందే ఇంకొకటి వచ్చినా, 24 గంటల్లో రెండు మూడు వచ్చినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి ఎత్తుకుపోవాలి. అంతసేపు కొట్టుకుంటే ఒళ్లు కాగిపోయి మెదడుకు దెబ్బ తగులుతుంది. ఆ మాట విన్నప్పటి నుంచి మా గల్లీ చివర ఆటో నడిపే అన్న ఫోన్ నంబరు మా గోడ మీద సుద్దతో రాసి ఉంది.

మోత్యాకు ఫినోబార్బిటాల్ అనే గోళీ రాశారు. ఇది పాత మందు. 1912లో జర్మనీలో మొదట మనుషుల మూర్ఛకు వాడారు. ఇప్పుడు కుక్కలకు కూడా ముందు ఇచ్చే మందుల్లో ఇది ఒకటి. రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో వేయాలి. మా బాపు షిఫ్టు కూడా 12 గంటలే. అందుకే మాకు అలారం అక్కర్లేదు. బాపు కార్ఖానాకు పోయేముందు ఒకటి, వచ్చాక ఒకటి, బెల్లం ముక్కంత భాకరిలో పెట్టి వేస్తాడు. మొదటి రెండు వారాలు మోత్యా తాగినవాడిలా తూలింది. ఆకలి, దాహం పెరిగాయి. నానమ్మ, “గోళీ దినుడు కంటే భాకరి దినుడే ఎక్కువైంది దీనికి” అని నవ్వింది. ఈ మందు కాలేయం మీద పనిచేస్తుంది కాబట్టి ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి. పరీక్ష ఖర్చుకు అమ్మ ప్రతి వారం బీడీల పైసల్లోంచి కొంచెం తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఫిట్స్ రావడం లేదని మందు ఒక్కసారిగా ఆపితే మళ్లీ గట్టిగా వస్తాయి. మనుషుల గోళీలు అడగకుండా వేయడం ఇంకా ప్రమాదం.

“పూర్తిగా పోతుందా?” అని తమ్ముడు అడిగాడు. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. “కొన్నిటికి ఆగిపోతుంది, కొన్నిటికి తగ్గుతుంది. జీవితమంతా మందు వేయాల్సి రావచ్చు” అన్నది. అందుకే నేను ఒక నోటుబుక్కు పెట్టాను. తారీకు, సమయం, ఎన్ని నిమిషాలు, ముందు ఏం చేసింది, తర్వాత ఎంతసేపటికి తేరుకుంది, అన్నీ రాస్తాను. అది చూస్తే మోత్యాకు ఎక్కువగా తెల్లవారుజామున, నిద్రలో వస్తుందని తెలిసింది. నారళీ పున్నమి నాడు మార్కండేయ రథోత్సవం డోళ్ల చప్పుడుతో గల్లీ పక్క నుంచి పోయిన రాత్రి కూడా ఒకసారి వచ్చింది. చప్పుడు వల్లనేనా అని అడిగితే, ఒక్కసారితో చెప్పలేం, రాస్తూ ఉండు అన్నది డాక్టరమ్మ. మందుకు ముందు నెలకు రెండుసార్లు దాకా వచ్చేది. ఇప్పుడు మూడు నాలుగు నెలలకు ఒకసారి వస్తుంది.

పోయిన నెల వచ్చినప్పుడు ఇంట్లో నానమ్మ, నేనే ఉన్నాం. కాకా తన గుమ్మంలో పళ్లు తోముకుంటున్నాడు. పిల్లలు మళ్లీ అరవబోతే ఆయనే వాళ్లను గద్దించాడు. “పిచ్చి గాదురా, దానికి మూర్ఛ ఉన్నది. దూరం జరుగుండ్రి, గాలి తగలనియ్యుండ్రి” అన్నాడు. నేను చద్దరు మడత పెడుతుంటే ఆయన చేతి గడియారం చూసి లెక్కపెట్టాడు. “ఒక నిమిషం ఇరవై సెకండ్లు, రాసుకో బిడ్డా” అన్నాడు. రాసుకున్నాను.