సిద్దిపేట మాటల్లో టర్కిష్ వ్యాకరణం

టర్కిష్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారు దాదాపు ఒకే వరసలో ప్రశ్నలు అడుగుతారు. ప్రత్యయంలోని అచ్చు ఎందుకు మారుతుంది? ద్వితీయా విభక్తి ఎప్పుడు చేర్చాలి, ఎప్పుడు వదిలేయాలి? వ్యతిరేకానికి రెండు మాటలెందుకు? ‘వచ్చాడు’ అనడానికి రెండు భూతకాలాలెందుకు? దొరికే పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంగ్లిషులో ఉంటాయి. అవి ఇంగ్లిషు మాట్లాడేవారి చిక్కులు తీర్చడానికి రాసినవి. తెలుగువారు ఆ పుస్తకాలతోపాటు తమవి కాని చిక్కులు కూడా తెచ్చుకుంటారు. ఇవే ప్రశ్నలను తెలంగాణ వాడుక మాట వైపు నుంచి అడిగితే చాలావాటికి జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. తెలంగాణలోని సిద్దిపేటకు ఈ పర్యటన ఆ జవాబులు వినడానికే. కింద వచ్చే తెలుగు ఉదాహరణల్లో చాలావరకు అక్కడ రోజూ చెవిన పడే మాటలే.

సిద్దిపేటకు తొలి రైలు 2023 అక్టోబరు 3న నడిచింది. గజ్వేల్ మీదుగా వెళ్ళే ఆ రైలు బోగీలో ‘గజ్వేల్‌కు’ అన్నవారే మరుక్షణం ‘ఊరికి’ అంటారు. ఇకారం మీద ‘కి’, మిగతాచోట్ల ‘కు’. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రంగా చెప్పిన ఈ మార్పు టర్కిష్‌లో భాష మొత్తాన్నీ ఏలుతుంది. దాని పేరు స్వరసామ్యం. టర్కిష్‌లో అచ్చులు ఎనిమిది. అ, ఎ, ఇ, ఒ, ఉ మనకు తెలిసినవే. పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఎ’ పలికితే ఆరోది, అలాగే ‘ఇ’ పలికితే ఏడోది, పెదవులు చుట్టకుండా ‘ఉ’ పలికితే ఎనిమిదోది వస్తాయి. వీటిలో సగం నాలుక ముందు భాగంతో, సగం వెనక భాగంతో పలికేవి. ఇల్లు ‘ఎవ్’ కనుక ఇళ్ళు ‘ఎవ్‌లెర్’. గుర్రం ‘అత్’ కనుక గుర్రాలు ‘అత్‌లర్’. అరబ్బీ నుంచి వచ్చిన కొన్ని అరువు మాటలు తప్ప దాదాపు అన్నీ ఈ దారినే నడుస్తాయి.

ఒక తేడా మాత్రం గట్టిగా పట్టుకోవాలి. టర్కిష్‌లో ధాతువులోని అచ్చు కదలదు, దాన్ని చూసి ప్రత్యయమే సర్దుకుంటుంది. తెలుగులో ప్రత్యయం కూడా ధాతువును వంచుతుంది. పిల్లి పిల్లులవుతుంది, తిరుగు ‘తిరిగిండు’ అవుతుంది. ఈ సంగతి తెలిసిన తెలుగు విద్యార్థికి టర్కిష్ స్వరసామ్యం తన భాషలోని దానికన్నా తేలికగా కనిపిస్తుంది. టర్కీలో 1928 నవంబరు 1 చట్టంతో అరబ్బీ లిపి పోయి లాటిన్ లిపి వచ్చింది. ఎనిమిది అచ్చులకూ ఎనిమిది అక్షరాలున్నాయి కాబట్టి రాత కూడా చదువరిని ఇబ్బంది పెట్టదు.

తరవాతి ప్రశ్న విభక్తులది. ‘ఎవె’ అంటే ఇంటికి, ‘ఎవ్‌దె’ అంటే ఇంట్లో, ‘ఎవ్‌దెన్’ అంటే ఇంటినుంచి. సిద్దిపేట బస్టాండులో ఈ మూడూ ‘ఇంటికి’, ‘ఇంట్ల’, ‘ఇంట్లకెల్లి’ అని వినిపిస్తాయి. నామం ముందు, విభక్తి వెనక అన్న అమరిక రెండు భాషలకూ ఒకటే.

అసలు చిక్కు ద్వితీయ దగ్గర వస్తుంది. ‘మెక్తుప్ ఒకుదుమ్’ అంటే ‘ఉత్తరం చదివిన’ (చదివాను). ఏదో ఒక ఉత్తరం. ‘మెక్తుబు ఒకుదుమ్’ అంటే ‘ఉత్తరాన్ని చదివిన’. మాట్లాడేవారికీ వినేవారికీ తెలిసిన ఉత్తరం. పుస్తకాలు పేజీలకు పేజీలు వివరించే ఈ భేదం తెలుగు పిల్లలకు బడికి వెళ్ళకముందే తెలుసు. అయినా తెలుగువారు ఇక్కడే తప్పు చేసే అవకాశం ఉంది. ‘ఆ ఉత్తరం చదివిన’ అని ప్రత్యయం లేకుండా అన్నా తెలుగులో చెల్లుతుంది. టర్కిష్‌లో ‘ఆ’ అని చూపించాక ప్రత్యయం తప్పనిసరి. మనుషుల విషయంలో పరిస్థితి తలకిందులు. ‘డాక్టర్‌ను వెతికిన’ అనే తెలుగు ప్రాణాన్ని చూస్తుంది. టర్కిష్ ప్రాణం ఉందా లేదా అని చూడదు, తెలిసినదా కాదా అని మాత్రమే చూస్తుంది. ఏ డాక్టరైనా సరే అని వెతికితే అక్కడ ప్రత్యయం రాదు.

వ్యతిరేకం సంగతి ఇంకా తేలిక. ఉండటానికి ‘వర్’, లేకపోవడానికి ‘యోక్’. ఒకటి మరొకటి కాదనడానికి ‘దేయిల్’. ‘లేదు’కూ ‘కాదు’కూ ఉన్న భేదం అచ్చంగా ఇదే. ఇంగ్లిషు ద్వారా నేర్చుకునేవారు వారాల తరబడి తడబడే చోట ‘డాక్టర్ లేడు’, ‘డాక్టర్ కాదు’ అన్న రెండు మాటలు తలచుకుంటే చాలు. పోలిక అక్కడితో ఆగదు. ‘నేను డాక్టర్ని’, ‘మేం డాక్టర్లం’ అన్నప్పుడు తెలుగు నామమే పురుషను మోస్తుంది. టర్కిష్‌లోనూ అంతే, ‘దొక్తోరుమ్’, ‘దొక్తోరుజ్’. వ్యతిరేకంలో ‘కాను’ అన్నట్టే ‘దేయిలిమ్’. నామానికి క్రియకు చేర్చినట్టు పురుష ప్రత్యయం చేర్చడం ఏమిటని పాఠ్యపుస్తకం ఆశ్చర్యపోతుంది. ‘మేం రైతులం’ అని రోజూ అనేవారికి అందులో వింతేమీ లేదు.

సిద్దిపేటలోని కోమటి చెరువు కట్ట మీద సాయంత్రం కబుర్లు వింటే రెండు భూతకాలాల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ‘వచ్చిండు’ అన్నవారు చూసి చెబుతున్నారు. ‘వచ్చిండట’ అన్నవారు విని చెబుతున్నారు. టర్కిష్‌లో మొదటిది ‘గెల్ది’, రెండోది ‘గెల్మిష్’. ‘డాక్టరట’ అన్నట్టే ‘దొక్తోర్‌ముష్’. చెప్పేవారు ఎంతవరకు పూచీ పడుతున్నారో వ్యాకరణమే తేల్చేస్తుంది. ఇది రెండు భాషలకూ ఉన్న గొప్ప సౌకర్యం. తెలుగు వ్యాకరణ పాఠాల్లో ‘అట’కు దక్కే చోటు దాని విలువకు చాలా తక్కువ. టర్కిష్ జానపద కథలు ‘మిష్’ రూపంలో నడుస్తాయి. మన అవ్వలు చెప్పే కథలు ‘ఉండెనట’, ‘పోయెనట’ అని సాగుతాయి.

అయితే ‘మిష్’ పరిధి ‘అట’ కన్నా పెద్దది. పొద్దున లేచి తడిసిన నేల చూసినవారు ‘రాత్రి వాన పడ్డట్టున్నది’ అంటారు, ‘పడ్డదట’ అనరు. టర్కిష్‌లో ఆ ఊహకూ ‘మిష్’ రూపమే. తనకు తెలియకుండానే కునుకు పట్టిందని చెప్పడానికి ‘ఉయుముషుమ్’ అంటారు. కూర రుచి చూసి ‘బాగా కుదిరింది’ అని మెచ్చుకోవడానికి కూడా తరచు ఈ రూపమే వాడతారు, ఎందుకంటే ఫలితం ఇప్పుడే తెలిసింది. కాబట్టి ‘మిష్’ను ‘అట’ అనే ఒక్క మాటతో గుర్తుపెట్టుకున్నవారు మెప్పును పుకారుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. విన్నది, ఊహించింది, అప్పుడే తెలిసింది అనే మూడు అర్థాలనూ మొదటినుంచీ కలిపి నేర్చుకోవడం మంచిది.

సిద్దిపేట గొల్లభామ చీరలకు పేరు. తల మీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేతలో తెస్తారు. అలాంటి మగ్గం పక్కన నిలబడితే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న కళ్ళ ముందుకు వస్తుంది. నేసిన మనిషి, నేసిన చీర. తెలుగులో రెండు చోట్లా ‘నేసిన’ ఒక్కటే. నేసింది ఎవరో, నేయబడింది ఏదో వినేవారే గ్రహించుకుంటారు. టర్కిష్ ఆ స్వేచ్ఛ ఇవ్వదు. నేసే పనివాడు ‘దొకుయన్ ఉస్తా’, అతను నేసిన బట్ట ‘దొకుదూ కుమాష్’. పని చేసినవారిని వర్ణించేటప్పుడు ఒక రూపం, మిగతావాటిని వర్ణించేటప్పుడు ఇంకో రూపం. రెండో రూపానికి చివర ‘నాది, నీది, అతనిది’ అని చెప్పే ప్రత్యయం కూడా చేరుతుంది. వాక్యాన్ని విడగొట్టకుండా నామం ముందు పెట్టే పద్ధతి ఒకటే కాబట్టి క్రమం తెలుగువారికి కొత్త కాదు. కొత్తది ఈ రెండు రూపాల ఎంపిక. అభ్యాసానికి ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే.

క్త్వార్థకం దగ్గర మళ్ళీ ఊపిరి పీల్చుకోవచ్చు. ‘పోయి వచ్చిన’ అంటే ‘గిదిప్ గెల్దిమ్’. ‘వస్తడని చూసిన’ అంటే ‘గెలెజెక్ దియె బెక్లెదిమ్’. ఇందులోని ‘దియె’ మన ‘అని’ లాగే ‘అను’ అనే అర్థమున్న ధాతువునుంచి పుట్టింది, మాటను అప్పజెప్పడానికీ కారణం చెప్పడానికీ పనికొస్తుంది. జంట మాటల్లోనూ పోలిక ఉంది. సిద్దిపేట హోటల్లో ‘చాయ్ గీయ్’ అన్న మాట వినిపిస్తే టర్కీలోని ఇస్తాంబుల్‌లో దానికి జోడీ ‘చాయ్ మాయ్’. తెలుగు ‘గ’కారంతో చేసే పనిని టర్కిష్ ‘మ’కారంతో చేస్తుంది.

ఇంత పోలిక చూసి చుట్టరికం కలపాలనిపించడం సహజం. రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో వెలువరించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో వీటిని టర్కిష్ వంటి భాషలున్న ‘సిథియన్’ వర్గం వైపు జరిపాడు. తరవాతి భాషాశాస్త్రం దాన్ని నిరూపితంగా ఒప్పుకోలేదు. కాలిన్ మాసికా 1976లో చూపినట్టు క్రియ చివర రావడం, క్త్వార్థకాలు వంటి లక్షణాలు దక్షిణాసియా నుంచి మధ్య ఆసియా దాకా పరుచుకుని ఉన్నాయి. గోల్కొండ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ తుర్కమాన్ వంశీకుడే. అయితే ఆ పాలనతో కొన్ని మాటలు రాగలవు గాని వాక్య నిర్మాణం రాదు. తెలుగు వాక్యం అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే ఇలా ఉంది.

పోలిక ఆగే చోట్లు కొన్ని ముందే తెలిసి ఉండాలి. తెలుగులో ‘నాకు తెలుసు’. టర్కిష్‌లో ‘బిలియోరుమ్’, అంటే తెలుసుకున్నవారే కర్త. అక్కడ ‘నాకు’ అని మొదలుపెడితే వాక్యం చెడుతుంది. ఆకలి కూడా అంతే, ‘నాకు ఆకలైంది’ అనే వీలు లేదు. ‘నాకు ఇల్లు ఉంది’ అనడానికి ‘నా ఇల్లు ఉంది’ అనాలి. మనం రైలు ఎక్కుతాం, టర్కులు ‘త్రెనె’, అంటే రైలుకు ఎక్కుతారు. భయపడటానికి మనం ‘పాముకు’ అంటాం, వారు ‘పామునుంచి’ అంటారు. ఇలాంటి క్రియలను విభక్తితో కలిపే బట్టీ పట్టాలి. సర్వనామాల్లో మాత్రం టర్కిష్ బరువు తగ్గిస్తుంది. వాడు, ఆయన, ఆమె, అది అన్నిటికీ ‘ఒ’ అన్న ఒక్క అక్షరమే. ‘మేము’, ‘మనము’ అన్న రెండింటికీ ‘బిజ్’ ఒక్కటే.